అల్లీన్‌లో నడిమి కార్బన్ సంకరకరణం ఎస్‌పీ2 ఎందుకు కాదు?

ప్రశ్న:
నమస్కారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థినిని. కార్బన్ సంకరకరణాన్ని (ఎస్, పీ ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లుండే ప్రదేశాలు, కలిసి కొత్తవిగా మారడాన్ని) ద్విబంధం ఉంటే ఎస్‌పీ2, త్రిబంధం ఉంటే ఎస్‌పీ అని గుర్తుపెట్టుకుని ఇన్నాళ్లూ జవాబులు రాశాను. మొన్నటి పరీక్షలో అల్లీన్, అంటే ప్రొపా-1,2-డయీన్ (CH2=C=CH2) ఇచ్చారు. త్రిబంధమే లేదు కదా అని మూడు కార్బన్లకూ ఎస్‌పీ2 రాస్తే, నడిమిది ఎస్‌పీ అనీ, రెండు చివర్ల హైడ్రోజన్లు ఒకే తలంలో ఉండవనీ దిద్ది ఇచ్చారు. కారణం దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ద్విబంధాలను కాకుండా సిగ్మా బంధాలను (రెండు పరమాణువుల మధ్య నేరుగా ఏర్పడే మొదటి బంధాలను) లెక్కపెట్టండి. నడిమి కార్బన్‌కు అటొకటి, ఇటొకటి రెండే సిగ్మా బంధాలున్నాయి కనుక ఒక ఎస్, ఒక పీ కలిసిన రెండు సంకర ఆర్బిటాళ్లు చాలు. వాటి మధ్య కోణం 180 డిగ్రీలు. చివరి కార్బన్లకు మూడేసి సిగ్మా బంధాలు కాబట్టి అవి ఎస్‌పీ2. కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ కూడా ఇదే లెక్కన ఎస్‌పీ అవుతుంది.

జవాబు 2:
తలాల సంగతి నేను చెబుతాను. మా తరగతిలో మూడు బంకమట్టి ఉండలను ఒక చీపురుపుల్లకు అడ్డంగా గుచ్చి, నడిమి ఉండలో ఒక అగ్గిపుల్లను నిలువుగా, ఇంకొకదాన్ని ముందునుంచి వెనక్కి దూర్చి చూపిస్తాను. అవి సంకరకరణంలో పాల్గొనకుండా మిగిలిన రెండు పీ ఆర్బిటాళ్లు. ద్విబంధంలోని రెండో బంధమైన పై (π) బంధం ఏర్పడాలంటే పీ ఆర్బిటాళ్లు సమాంతరంగా నిలబడి పక్కవాటుగా అతిపాతం చెందాలి. అందువల్ల ఎడమ కార్బన్ నిలువు పుల్లతో జతకడితే, కుడి కార్బన్‌కు రెండో పుల్లే మిగులుతుంది. ఎస్‌పీ2 కార్బన్ సిగ్మా బంధాలు దాని పీ ఆర్బిటాల్‌కు లంబమైన తలంలో ఉంటాయి కనుక, ఎడమ హైడ్రోజన్లు పడుకున్నట్టు, కుడి హైడ్రోజన్లు నిలబడినట్టు వస్తాయి. ఒక్కసారి చేతులతో చేసి చూడండి, ఇక మరచిపోరు.

జవాబు 3:
ఒక మాట చేరుస్తాను. ఎలక్ట్రాన్‌ను కనుగొనక ముందే, 1875లో, రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ఈ ఆకృతిని ఊహించి, తగిన సమూహాలు చేరిన అల్లీన్‌లకు అసౌష్ఠవ కార్బన్ (నాలుగు వేర్వేరు సమూహాలున్న కార్బన్) లేకపోయినా ధ్రువణ భ్రమణం (ధ్రువిత కాంతి తలాన్ని తిప్పే గుణం) ఉంటుందని చెప్పారు. పౌలింగ్ సంకరకరణ భావనను ప్రతిపాదించింది 1931లో. వాంట్ హాఫ్ మాటను కేంబ్రిడ్జ్‌లో మైట్లాండ్, మిల్స్ ప్రయోగంతో రుజువు చేసింది 1935లో. సంకరకరణం ఆకృతిని వివరించడానికి మనం వాడే పద్ధతి అని పాఠం మొదట్లోనే చెప్పడం అవసరమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మట్టి ఉండలతో చేసి చూశాను. నాలుగో ఉండ కలిపి బ్యూటాట్రయీన్ (CH2=C=C=CH2) చేస్తే తలం మళ్లీ తిరిగి, చివరి హైడ్రోజన్లు నాలుగూ ఒకే తలంలోకి వచ్చాయి. ఇది సరైనదేనా?

జవాబు 2:
సరైనదే. ఆ అణువు సమతలంగానే ఉంటుంది.