సెలెస్నియా చార్మ్‌ను ముందే వాడాలా, దాచుకోవాలా?

తిరుపతిలో మేము నలుగురు మిత్రులం ఆదివారాలు మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంటాము. నా 40 కార్డుల ఆకుపచ్చ-తెలుపు డెక్‌లో 17 ల్యాండ్లు (కార్డులు వాడడానికి కావలసిన మానా అనే శక్తినిచ్చేవి), 16 క్రీచర్లు (పోరాడే జీవులు), ఒకే ఒక్క సెలెస్నియా చార్మ్ ఉన్నాయి. 2012లో రిటర్న్ టు రావ్నికా సెట్‌లో వచ్చిన ఈ రెండు మానాల ఇన్‌స్టంట్ (ప్రత్యర్థి వంతులో కూడా వాడగల మంత్రం), ఒక క్రీచర్‌కు టర్న్ (వంతు) ముగిసేవరకు +2/+2 (దాడి బలమైన పవర్, దెబ్బ తట్టుకునే బలం చెరో 2 పెరగడం)తో పాటు ట్రాంపుల్ (అడ్డుకున్న క్రీచర్‌ను చంపగా మిగిలిన దెబ్బ ప్రత్యర్థికి తగలడం) ఇస్తుంది, లేదా పవర్ 5 గాని అంతకు మించి గాని ఉన్న క్రీచర్‌ను ఎక్సైల్ చేస్తుంది (ఆట నుంచి తొలగిస్తుంది), లేదా విజిలెన్స్ (దాడి చేశాక కూడా అడ్డుకోవడానికి సిద్ధంగా ఉండే గుణం) గల 2/2 నైట్ (యోధుడు) టోకెన్‌ను, అంటే కార్డు లేకుండా పుట్టే క్రీచర్‌ను ఇస్తుంది.

గత 12 ఆటల్లో ఇది 9 సార్లు నా చేతికి వచ్చింది. పోరులో బలం పెంచడానికి నాలుగు సార్లు వాడగా, రెండు సార్లు ప్రత్యర్థి దానికి స్పందనగా నా క్రీచర్‌నే చంపేయడంతో లక్ష్యం లేక చార్మ్ వృథా అయింది. అంటే ఒక కార్డుకు నావి రెండు పోయాయి, నన్ను ఎక్కువగా బాధించినది ఇదే. పెద్ద క్రీచర్ కోసం దాచుకున్న మూడు సార్లలో ఒక్కసారే ఫలితం దక్కింది, మిగతా రెండు సార్లు కార్డు చేతిలో ఉండగానే ఓడిపోయాను. రెండో టర్న్‌లోనే నైట్‌గా మార్చిన రెండు ఆటలూ గెలిచాను గాని, అంత మంచి కార్డును అంత తక్కువకు ఖర్చు చేశానేమోనన్న సందేహం తీరలేదు. దీని బదులు క్రీచర్ బలాన్ని పెంచడం మాత్రమే చేసే జెయింట్ గ్రోత్ కార్డు పెట్టి చూసినా, పెద్ద క్రీచర్లు వచ్చినప్పుడు నిలువలేకపోయాను.

చంపే కార్డులు ఎక్కువగా ఉండే ఎరుపు-నలుపు డెక్ ఎదురైనప్పుడు, రెండో టర్న్‌లో వేరే ఆట లేకుంటే చార్మ్‌ను నైట్‌గా వాడేయడం మేలా, లేక పవర్ 5 క్రీచర్ వచ్చేదాకా ఆగడం మేలా?