సమస్యాపూరణం: కడలి యెండె విశాఖలోఁ గాంచుఁడయ్య

నిర్వాహకుడు, ఎంవీపీ కాలనీ:
ఈ వారం సమస్య తేటగీతి పాదం; దీన్ని చివరి పాదంగా నిలిపి మిగతా మూడు పాదాలు కట్టాలి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస నియమం లేదు. విశాఖలో సముద్రం ఎండదని అందరికీ తెలుసు కనుక, ఎండిందన్న మాట ఏ దారిన నిజమవుతుందో పూరణలో చూపాలి. ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నవారు మన బృందంలో పెరిగారు గనుక ఈసారి ఒక అదనపు నియమం పెడుతున్నాను: ఏ ఇంగ్లీషు అలంకారం ఆధారంగా చిక్కు విప్పారో పద్యం కింద చెప్పాలి, అది పద్యంలో ఏ మాట దగ్గర పనిచేస్తున్నదో వేలు పెట్టి చూపాలి. సమస్య స్వయంగా పారడాక్సే, అంటే మన విరోధాభాస వంటిది. కవిత్వ భాష పారడాక్స్ భాషేనని అమెరికన్ విమర్శకుడు క్లియంత్ బ్రూక్స్ 1947లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. మన అవధానాల్లో సమస్యలు ఇచ్చే పృచ్ఛకులు ఆ సంగతిని అంతకు ఎంతో ముందే కనిపెట్టారనుకోండి.

ఎండకు సముద్రం ఇంకిపోయిందన్న పూరణలు చాలా వచ్చాయి. వాటన్నిటికీ కింద హైపర్బలీ అని రాశారు. అవి ఇక్కడ ఉంచడం లేదు. అతిశయం సమస్యను విప్పదు, ఉన్న మాటనే మరింత గట్టిగా చెబుతుంది.

డిగ్రీ విద్యార్థిని, గాజువాక:

జాలరుల పల్లె యొడ్డున సంద్ర మిచ్చు
చేప లిసుకపైఁ బఱచిన సీమయందు
నుప్పు పట్టిన సరకునె యుదధి యండ్రు
కడలి యెండె విశాఖలోఁ గాంచుఁడయ్య

చేపలు సముద్రంలో భాగం కనుక, భాగాన్ని మొత్తం పేరుతో పిలిచాను. కాబట్టి ఇది సినెక్డకీ అని భావిస్తున్నాను.

విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకురాలు, భీమిలి:
పద్యం చక్కగా నడిచిందమ్మా, నెత్తళ్లు ఆరబెట్టిన వాసన కూడా తగిలింది. పేరు మాత్రం మార్చాలి. చేప సముద్రంలో కాపురం ఉంటుందే గాని సముద్రానికి అవయవం కాదు. "ఆ ఇంట్లో తినే నోళ్లు ఆరు" అన్నప్పుడు నోరు మనిషిలో భాగం కనుక అది సినెక్డకీ. "పోర్టు సమ్మెకు దిగింది" అన్నప్పుడు పోర్టుకూ కార్మికులకూ ఉన్నది సాహచర్యం కనుక అది మెటానమీ. నీ పద్యంలో కడలికీ చేపకూ ఉన్న సంబంధం ఈ రెండో రకం. మన ఆలంకారికులు లక్షణకు, అంటే నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థం తీసుకోవడానికి, ఇచ్చే "గంగాయాం ఘోషః" ఉదాహరణ గుర్తు తెచ్చుకో: గంగపై పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం, అక్కడ పనిచేసేది సామీప్యం. మెటఫర్ పోలిక మీద, మెటానమీ పొరుగుతనం మీద నిలుస్తాయని భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1956లో విడదీసి చూపాడు. మరి అరిస్టాటిల్ పొయెటిక్స్ 21వ అధ్యాయంలో జాతి పేరు ఉపజాతికి, ఉపజాతి పేరు జాతికి చెల్లడాన్ని కూడా మెటఫర్‌లోనే కలిపాడు కనుక, పాత గ్రంథాలు చదివేటప్పుడు ఈ గీతలు ఇంత తేటగా ఉండవని గమనించు.

నిర్వాహకుడు:
నాదొక అభ్యంతరం. మూడో పాదంలో "సరకునె యుదధి యండ్రు" అని కవయిత్రే విప్పి చెప్పేసింది. అనేవారెవరో కూడా తెలియదు. ఆ మాట లేకుండా పాఠకుడే కడలిని చేపగా గ్రహించేలా మూడో పాదం మారిస్తే పూరణ రెట్టింపవుతుంది.

బ్యాంకు ఉద్యోగి, పెందుర్తి:

బిందె వరుసల నిలుచుండ వీధి మొదట
నీటి బండిని నడిపెడి వాఁడు వచ్చి
నవ్వు దాఁచుచుఁ బలికెను నాకు నిట్లు
"కడలి యెండె విశాఖలోఁ గాంచుఁడయ్య"

ఇది ఐరనీ.

నిర్వాహకుడు:
రెండో పాదంలో యతి తప్పింది; నీ, వా కలవవు. "నడిపెడి నేర్పుకాఁడు" అంటే నీ, నే కలుస్తాయి, వాడి గడుసుతనం కూడా ధ్వనిస్తుంది.

డిగ్రీ విద్యార్థిని, గాజువాక:
సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో బిందెలు ఎండడం కూడా ఐరనీయే కదా మేడం?

విశ్రాంత అధ్యాపకురాలు:
అది సిట్యుయేషనల్ ఐరనీ అనబోయి ఆగాను. దానికి ముందు ఒక ఆశ ఉండాలి, జరిగినది ఆ ఆశను తలకిందులు చేయాలి. ఉప్పునీటిని బిందెలో పట్టుకోవాలని ఎవరూ ఆశించరు గనుక ఇక్కడ ఆ బలం తక్కువ. బండివాడి మాటలో ఉన్నది వెర్బల్ ఐరనీ: పైకి చెప్పినది ఒకటి, ఉద్దేశించినది ఒకటి. అది ఎదుటివారిని గుచ్చడానికే అయితే సార్కాజం అవుతుంది. పద్యంలో దాన్ని పట్టిచ్చేది "నవ్వు దాఁచుచు" అన్న మాట ఒక్కటే. అది తీసేస్తే బండివాడు ఉత్త అబద్ధాలకోరుగా మిగులుతాడు.

రంగస్థల నటుడు, సీతమ్మధార:

కలశజుఁడు వార్ధిఁ బీల్చిన గాథ నిపుడు
నాటకముగాఁగఁ బాత్రలు నడుపుచుండ
బాలుఁ డొక్కఁడు చెప్పెను బాబుతోడ
"కడలి యెండె విశాఖలోఁ గాంచుఁడయ్య"

కలశజుడు, అంటే సముద్రాన్ని తాగిన అగస్త్యుడి కథ కనుక అల్యూజన్ (తెలిసిన కథను సూచించడం). పిల్లవాడికి తెలియనిది మనకు తెలుసు కనుక డ్రమటిక్ ఐరనీ కూడా.

విశ్రాంత అధ్యాపకురాలు:
రెండోదానికి ఒక్క షరతు. డ్రమటిక్ ఐరనీలో తెలియనివాడు పాత్ర, తెలిసినవారు ప్రేక్షకులు. ఆ నాటకం వరకు పిల్లవాడు ప్రేక్షకుడే, కానీ ఈ పద్యానికి అతడు పాత్ర, మనం ప్రేక్షకులం. ఆ లెక్కన మీ మాట నిలుస్తుంది. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ 1817లో చెప్పిన ఇష్టపూర్వకమైన నమ్మిక పెద్దలకు వర్తించేది, ఎందుకంటే వారు అది నాటకమని ఎరిగీ అపనమ్మకాన్ని కాసేపు పక్కన పెడతారు. ఈ పిల్లవాడి దగ్గర పక్కన పెట్టడానికి అపనమ్మకమే లేదు. నాకు ఈ పద్యం అందుకే నచ్చింది.

తెలుగు పండితుడు, సింహాచలం:

వేఁడి పడమటి గాడ్పులు వీచుచుండ
నీరు పోయుట మఱచిన నెలవులోన
నారు పోసినవారలు నాటిన మొల
కడలి యెండె విశాఖలోఁ గాంచుఁడయ్య

మొలక, అడలి (దుఃఖించి) అని విరవాలి. అత్తునకు సంధి బహుళము. ఇలా ఒకే అక్షరాలతో రెండు అర్థాలు పలికించడాన్ని ఇంగ్లీషువారు పన్ అంటారని విన్నాను.

నిర్వాహకుడు:
మాస్టారూ, సముద్రాన్ని ముట్టుకోకుండానే ఎండబెట్టారు! నారు పోసినవాడే నీరు పోయడా అన్న సామెతను తిరగేయడం మరీ బాగుంది.

విశ్రాంత అధ్యాపకురాలు:
పన్ సరే, మొలక అడలడం దగ్గర పర్సానిఫికేషన్, అంటే మనిషి కాని దానికి మనిషి గుణం ఆపాదించడం, కూడా ఉంది. ఇంగ్లీషు విమర్శకుడు రస్కిన్ 1856లో పెథటిక్ ఫాలసీ అని పేరు పెట్టినది దీనికి దగ్గర చుట్టమే: చూసేవాడి ఉద్వేగం ప్రకృతి మీద వాలి, ప్రకృతే ఏడుస్తున్నట్టు తోచడం. అయితే రస్కిన్ తప్పుపట్టింది అదుపు తప్పిన ఉద్వేగాన్ని. మాస్టారి పద్యంలో దుఃఖం "అడలి" అన్న ఒక్క మాటకే పరిమితమైంది, అది కూడా విరిస్తే గాని కనిపించదు.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం సింహాచలం మాస్టారిది. గాజువాక అమ్మాయి మూడో పాదం మార్చి పంపితే మళ్లీ చూస్తాను. వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

చల్లనైన నిప్పు జలుబు చేసె

షేక్‌స్పియర్ నాటకంలో రోమియో మొదటి అంకంలోనే చల్లని నిప్పు అని వాపోయాడు. పక్కపక్కన రెండు విరుద్ధ పదాలను కూర్చే ఆ పద్ధతి ఆక్సిమోరాన్. పాదం మొత్తం చూస్తే పారడాక్స్. పూరణ ఆ రెండింటిలో దేన్ని విప్పుతున్నదో పద్యం కింద చెప్పండి, యతి సరిచూసుకుని ఆదివారం సాయంత్రంలోగా పంపండి.