బొచ్చె స్పాన్ (పసి చేపపిల్లలు) చెరువులో పురుగులు, మందు చెప్పండి అర్జెంటు

ఆకివీడు రైతు: పొద్దున్నించి గట్టుమీదే ఉన్నానండి, తల తిరిగిపోతోంది. నర్సరీ చెరువునిండా బియ్యపుగింజంత పురుగులు, తెడ్లలాంటి కాళ్ళు, పైకొచ్చి గాలి పీల్చి మునుగుతున్నాయి. గుమస్తా ఏం చెయ్యవంటాడు, పక్క చెరువాయన చేపపిల్లల్ని పీల్చేస్తాయంటాడు, ఎవరి మాట వినాలో తెలీట్లేదు.

గట్టుమీద కొంగ: వెల్లకిలా ఈదుతున్నాయా, బోర్లానా?

ఆకివీడు రైతు: అదేం ప్రశ్నండీ, ఈదుతున్నాయి.

రిటైర్డ్ మాస్టారు: రెండు రకాలూ హెమిప్టెరా వర్గమండి, అంటే మంచంలో నల్లికి చుట్టాలు. ఊరికే పురుగులు అనేస్తే ఎలాగ.

గట్టుమీద కొంగ: బకెట్లో నాలుగు వేసి చూడు. పొట్ట పైకి పెట్టి ఈదేది బ్యాక్‌స్విమ్మర్, వీపు పడవ అడుగులా మధ్యలో ఎత్తుగా ఉంటుంది, స్పాన్‌ని పట్టి పీల్చేది అదే. బోర్లా ఈదేది వాటర్ బోట్‌మన్, వీపు చదును, దానిమీద సన్నటి అడ్డగీతలు, ఎక్కువగా నాచూ మడ్డీ తింటుంది. వెల్లకిలాదాన్ని వేళ్ళతో పట్టుకోకు.

రిటైర్డ్ మాస్టారు: ఇంగ్లాండు పుస్తకాల్లో ఆ వెల్లకిలాదాన్నే గ్రేటర్ వాటర్ బోట్‌మన్ అంటారు. కాబట్టి మీ పేర్లు సరికాదు.

గట్టుమీద కొంగ: మాస్టారూ, ఇది ఆకివీడండి.

బల్బు బాబాయ్: గట్టుమీద లైటుందా? ఇవి రాత్రిళ్ళు ఎగిరి దీపానికొచ్చి నీళ్ళల్లో పడతాయి. ఎంతమందికి చెప్పినా వినరు, కరెంటు బిల్లూ వాళ్ళదే, పురుగులూ వాళ్ళవే.

ఆకివీడు రైతు: బకెట్లో పదికి ఎనిమిది వెల్లకిలావే. ఒకటి కుట్టేసింది కూడా, వేలు తేనెటీగ కుట్టినట్టు మండుతోంది. మందేంటో చెప్పండి బాబూ.

కొల్లేటి మావయ్య: సబ్బు నూనె. హెక్టారుకి నూనె 56 కిలోలు, సబ్బు 18 కిలోలు లెక్క, అంటే ఎకరానికి దగ్గర దగ్గర 23, 7. సబ్బు కరిగించి నూనె బాగా కలిపి, గాలి ఆడనప్పుడు నీటిమీద చల్లాలి. పైన పొర కట్టిందంటే పురుగుకి గాలి అందక చస్తుంది. గాలేసిందంటే పొర ఓ మూలకి పోతుంది, నీ నూనె దండగ. స్పాన్ వదలడానికి ఒకరోజు ముందు కొట్టుకో.

ఆకివీడు రైతు: స్పాన్ మొన్న సాయంత్రమే వదిలేశాం కదండీ.

కొల్లేటి మావయ్య: ఓరి నాయనో! ఆ ముక్క మొదట్లోనే చెప్పక్కర్లేదా? ఇంకా కొట్టలేదుగా?

ఆకివీడు రైతు: లేదండి, నూనె తేవడానికి మనిషిని పంపాను.

కొల్లేటి మావయ్య: వెనక్కి పిలు. పెద్ద వల కూడా లాగించకు, స్పాన్ నలిగిపోతుంది. చేతివలతో అంచుల్లో దొరికినన్ని తీయించు, మళ్ళీసారి ముందే కొట్టు.

రిటైర్డ్ మాస్టారు: గ్రేటర్ అన్నది తప్పేం కాదు, పుస్తకం పేజీ పెడతాను.

బల్బు బాబాయ్: లైటుందో లేదో ఇంకా చెప్పలేదు.

ఆకివీడు రైతు: ఆయ్, థాంక్సండి. మనిషి ఫోనెత్తట్లేదు, బండేసుకుని ఎదురెళ్తున్నా.