రాక్ ఇన్హిబిటర్ వేసినా కణాలు తేలిపోతున్నాయి, ఎవరికైనా ఇలా అయిందా?

పాసేజ్_42
అందరికీ నమస్తే. హ్యూమన్ ఐపీఎస్ కణాలను (మామూలు కణాల నుంచి తయారుచేసిన మూలకణాలు) ఆక్యుటేజ్ అనే ఎంజైమ్ ద్రావణంతో విడివిడిగా చేసి పాసేజ్ చేస్తున్నాను, అంటే కొత్త ప్లేట్లలోకి మారుస్తున్నాను. రాక్ అనే ఎంజైమ్‌ను ఆపే ఇన్హిబిటర్ వై-27632 10 మైక్రోమోలార్ వేస్తున్నా, మర్నాటికి సగానికి పైగా చచ్చి తేలుతున్నాయి. అంటుకున్నవి కూడా కొమ్మలేసినట్టు సాగి ఉన్నాయి. డిఫరెన్షియేట్ అయిపోయాయేమోనని (మూలకణ గుణం పోయి వేరే రకం కణాలుగా మారాయేమోనని) టెన్షన్. ఇంతకుముందు స్టాక్ (గాఢంగా కలిపి పెట్టుకున్న ద్రావణం) ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. కొత్త పౌడర్ కలిపిన దగ్గర్నుంచే ఈ గోల.

రాత్రిషిఫ్ట్
కొమ్మల గురించి భయపడకండి. ఇన్హిబిటర్ ఉన్నంతసేపూ అవి అలాగే సాగుతాయి. తీసేశాక మళ్ళీ దగ్గరకు చేరి కాలనీ కడతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను ప్లేటు మొత్తం పారేశాను, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.
చావు సంగతి వేరు. ఈ కణాలను విడదీయగానే రో-రాక్ దారి (కణంలోని ఒక సంకేతాల వరుస) రెచ్చిపోయి, మయోసిన్ అనే ప్రోటీన్ బిగుసుకుని, పొర బుడగలు బుడగలుగా పొంగుతుంది. ఇన్హిబిటర్ ఆ బిగింపునే ఆపుతుంది. 2007లో జపాన్‌లోని రికెన్‌లో యోషికి ససాయి బృందం మనిషి ఈఎస్ కణాల్లో (పిండం నుంచి తీసిన మూలకణాలు) ఈ ఇన్హిబిటర్ వేస్తే చావు బాగా తగ్గుతుందని చూపించింది. మీరు ఎప్పుడు వేస్తున్నారు?

పాసేజ్_42
సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ అయ్యాక, ప్లేట్ చేసే మీడియాలో (కణాలను పెంచే ద్రావణం).

రాత్రిషిఫ్ట్
ఆలస్యం. కణాలు విడిపోయింది ముందే కదా! ఆక్యుటేజ్‌ను పలచన చేసే మీడియాలోనే వేసెయ్యండి.

మోలార్‌లెక్క
ఒక్క నిమిషం. స్టాక్ ఎలా కలిపారు?

పాసేజ్_42
5 మిల్లీగ్రాముల పౌడర్, 2.02 మిల్లీలీటర్ల నీళ్ళు. 10 మిల్లీమోలార్ వస్తుందని లెక్క.

మోలార్‌లెక్క
అనుకున్నాను. మీరు 247.3 మాలిక్యులర్ వెయిట్‌తో లెక్కేశారు. అది ఫ్రీ బేస్‌ది, అంటే ఉప్పు కాని రూపానిది. వయల్ మీద డైహైడ్రోక్లోరైడ్ (ఉప్పు రూపం) అని ఉందేమో చూడండి, ఉంటే 320.3 తీసుకోవాలి. అప్పుడు 1.56 మిల్లీలీటర్లే పోయాలి. మీ దగ్గర ఉన్నది 10 కాదు, దాదాపు 7.7.

రాత్రిషిఫ్ట్
లెక్క కరెక్టే గానీ, 7.7 మైక్రోమోలార్‌కే సగం కణాలు పోతాయంటే నేను నమ్మను. ఆలస్యంగా వేయడమే అసలు కారణం అనుకుంటా.

నీలిగ్లవ్స్
రెండూ కలిసి ఉండొచ్చు. నాకు ఇలాంటి దెబ్బే చిర్99021 అనే ఇంకో ఇన్హిబిటర్‌తో తగిలింది. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలిపిన స్టాక్ ఫ్రీజర్ లోంచి తీసి, కరిగిందనుకుని వాడేశాను. ట్యూబును లైటుకు పెట్టి చూస్తే అడుగున తెల్లటి పొడి! పైనుంచి తీసినదాంట్లో సగం కూడా లేదన్నమాట. డీఎంఎస్ఓ 18 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది, చల్లటి గదిలో పూర్తిగా కరగదు. ఇప్పుడు 37 డిగ్రీల్లో కాసేపు ఉంచి, వోర్టెక్స్ మిషన్ మీద గట్టిగా కుదిపి, లైటులో చూశాకే వాడతాను. చిన్న ఆలికాట్లు (ఒక్కోసారికి సరిపడా భాగాలు) చేసుకుంటే మళ్ళీ మళ్ళీ ఫ్రీజ్ చేసే బాధ ఉండదు.

పాసేజ్_42
అయితే ఇన్హిబిటర్ రెండు మూడు రోజులు అలాగే ఉంచేస్తే సేఫ్ కదా?

రాత్రిషిఫ్ట్
వద్దండి. 24 గంటలు చాలు. అది అచ్చంగా రాక్‌నే పట్టుకోదు, మోతాదు పెరిగే కొద్దీ వేరే కైనేజ్‌లనూ (రాక్ లాంటి ఎంజైమ్‌లను) తాకుతుంది.

చిట్టెలుక_ఈఎస్
ఇన్హిబిటర్లు ఎక్కువ కాలం ఉంచితే ఏమవుతుందో ఎలుక ఈఎస్ కణాలు పెంచే మా వైపు వాళ్ళకు బాగా తెలుసు. మేము వాడే 2ఐ మీడియా అంటే చిర్ 3 మైక్రోమోలార్, మెక్ అనే ఎంజైమ్‌ను ఆపే ఇన్హిబిటర్ పీడీ0325901 1 మైక్రోమోలార్. కాలనీలు ముత్యాల్లా ఉంటాయి, అందుకే ఎవరూ అనుమానించరు. కానీ మెక్‌ను చాలా పాసేజ్‌లు అణిచి ఉంచితే డీఎన్ఏ మిథైలేషన్ (జన్యువులను అదుపు చేసే రసాయన గుర్తులు) పడిపోతుంది, ఇంప్రింట్‌లు (జన్యువు తల్లి నుంచి వచ్చిందో తండ్రి నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు) చెరిగిపోతాయని 2017లో రెండు బృందాలు చూపించాయి. చెరిగినవి మామూలు మీడియాలోకి మార్చినా తిరిగి రావు. మేము మెక్ ఇన్హిబిటర్ మోతాదు తగ్గించి నడుపుతున్నాం.

పాసేజ్_42
అప్‌డేట్: వయల్ మీద డైహైడ్రోక్లోరైడ్ అనే ఉంది, చిన్న అక్షరాల్లో. కొత్త స్టాక్ కలిపాను. ఒక వెల్‌లో (ప్లేటులోని గుంట) ఆ తప్పు లెక్క 7.7 స్టాక్ ముందుగా వేశాను, ఇంకోదాంట్లో కొత్తది ఆలస్యంగా, మూడోదాంట్లో కొత్తది ముందుగా. పొద్దున చూస్తే ఆలస్యంగా వేసిన వెల్‌లోనే తేలుతున్నాయి. మిగతా రెండింటికీ కంటికి పెద్ద తేడా లేదు.

మోలార్‌లెక్క
సరే, రాత్రిషిఫ్ట్ గారిదే గెలుపు. ఆ తప్పు లెక్క ట్యూబు మీద మాత్రం 10 కొట్టేసి 7.7 అని రాయండి, ఇంకెవరైనా తీసుకుంటారు.