పాత ఇంటికి వెనక గది కలుపుతున్నాం, మధ్య గోడ తీసేయొచ్చా?

మా తాతగారు కట్టించిన ఇల్లండి. సున్నం గోడలు, అడుగున్నర మందం, పైన చెక్క దూలాలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతోంది, అందుకని కిందే వెనకవైపు అటాచ్డ్ బాత్రూంతో ఒక గది కలుపుదాం అనుకుంటున్నాం, పనిలో పనిగా వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దామని మా ఆవిడ అంటోంది. మేస్త్రీ చూసి కొట్టేద్దాం సార్ ఏం కాదు అన్నాడు గానీ నాకు భయంగానే ఉంది. ఇంకోటి, గోడల అడుగున రెండడుగుల దాకా చెమ్మ, తెల్లటి పొడి రాలుతోంది. కిందటేడు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తే మళ్లీ పెచ్చులూడిపోయింది. పడగొట్టి కొత్తది కట్టుకోమంటున్నారు అందరూ, నాకు మాత్రం మనసు రావట్లేదు.

జవాబు 1
అన్నా, ముందు అటక ఎక్కి దూలాల చివర్లు ఏ గోడ మీద కూర్చున్నాయో చూడు. ఆ మధ్య గోడ మీదే ఉంటే అది బరువు మోసే గోడ, మేస్త్రీ మాట మీద ముట్టుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించు, తీయాలంటే ముందు పైభాగానికి ప్రాప్స్ (తాత్కాలిక ఊతకర్రలు) పెట్టి, బీము రెండు చివర్లు కూర్చునే చోట కాంక్రీట్ దిమ్మలు పోసి, వాటి మీద స్టీల్ బీము ఎక్కించాకే కింద గోడ కొట్టాలి. అసలు మొత్తం ఎందుకు, వెడల్పాటి ద్వారం పెట్టుకున్నా వెలుతురు, గాలి వస్తాయి కదా.

జవాబు 2
చెమ్మ సంగతి నేను అనుభవించి చెప్తున్నానండి. సున్నం గోడ నేల నుంచి పీల్చిన తడిని మెల్లగా బయటికి వదులుతుంది, మీద సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోయి తడి లోపలే ఉండిపోతుంది, మీరు చూస్తున్న తెల్ల పొడి ఆ తడితో పైకొచ్చిన లవణం. మా ఇంట్లో వేలితో తట్టితే ప్లాస్టరింగ్ అంతా డబడబా గుల్ల శబ్దం వచ్చేది. అదంతా గీకించేసి, గోడ ఆరనిచ్చి, సున్నంతోనే పూయించాం. దానిమీద ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్ వేయకండి, సున్నమే వేయండి. బయట మట్టి ఎత్తు పెరిగి పునాది కప్పేసిందేమో చూడండి, మాది అదే అసలు కారణం.

జవాబు 3
కొత్త గదిని పాత గోడకి అతికించి కట్టొద్దు బ్రదర్. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇప్పుడు కుంగుతుంది, అందుకే కలిసే చోట పగులొస్తుంది. వేరే పునాది వేసి మధ్యలో అంగుళం దాకా ఖాళీ (జాయింట్) వదిలి అందులో మెత్తటి ఫిల్లర్ పెట్టించు. పాత పగుళ్లు ఉంటే మీద చిన్న గాజు ముక్క అడ్డంగా అతికించు, అది విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే.
అమ్మగారి బాత్రూం తలుపు మూడడుగులు ఉండాలి, గడప వద్దు, నేల తడిసినా జారని టైల్స్ వేయించు, చేతిపట్టు రాడ్‌కి గోడలోనే గట్టి సపోర్ట్ టైల్స్ వేయకముందే పెట్టించు. వైరింగ్ పాతదైతే మొత్తం మార్పించి ఎర్తింగ్, 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకో, తడి చేతులతో స్విచ్ వేసే ఇల్లు అది.

ప్రశ్న అడిగినాయన
అటక ఎక్కి చూశాను, ఐదు దూలాలూ ఆ గోడ మీదే ఉన్నాయండి. గోడ తీయట్లేదు, ద్వారం వెడల్పు చేయొచ్చేమో ఇంజనీర్‌ని అడుగుతాను, అమ్మ గది మాత్రం ముందు మొదలుపెడతాం. వెనకవైపు తవ్వితే నిజంగానే పునాది రాళ్లు జానెడు మట్టిలో ఉన్నాయి, రేపటి నుంచి ఆ మట్టి తీయిస్తున్నా.