నేటివ్ స్పీకర్ కాదని జీతం తగ్గిస్తే, ఇంగ్లీష్ టీచర్‌గా థాయిలాండ్ పోవాలా వద్దా?

స్వాతి_పాలమూరు:
అందరికీ నమస్తే. నాది ఎమ్మే ఇంగ్లీష్, బీఈడీ. ఆరేండ్ల నుంచి మహబూబ్‌నగర్‌ల ఒక ప్రైవేట్ స్కూల్‌ల చెప్తున్న, జీతం 19 వేలు, ఎండాకాలం సెలవుల సగమే. ఇప్పుడు థాయిలాండ్‌ల కోరాట్ దగ్గర స్కూల్ నుంచి ఏజెన్సీ ద్వారా ఆఫర్ వచ్చింది, నెలకు 21 వేల బాత్. అవే క్లాసులు చెప్పే బ్రిటన్ సార్‌కు 36 వేలట, ఇంటర్వ్యూలనే చెప్పిన్రు, "మీరు నేటివ్ కాదు కదా" అన్నరు. పోవాలనే ఉంది గానీ ఆ మాట గుచ్చుకుంటున్నది. అక్కడ పనిచేసినోళ్లు చెప్పండి.

గోదారి_శీను:
వెళ్లొద్దండి. నేను చోన్‌బురిలో రెండేళ్లు చేసి వచ్చినవాణ్ణి. మార్చిలో బడి మూస్తే మళ్లీ మే నెల మధ్యలో తెరిచేదాకా జీతం రాని పది నెలల కాంట్రాక్టులు ఉంటాయి, ముందు అది అడగండి. రూమ్ అద్దె, కరెంటు, తిండి పోగా ఇంటికి ఎంత పంపగలరో లెక్కేసుకోండి. పొద్దున్నే ఎనిమిదింటికి జెండా దగ్గర మన పక్కన నిలబడేవాడు బీఈడీ లేదు ఏమీ లేదు, పాస్‌పోర్ట్ చూసి వాడికి దాదాపు రెట్టింపు. నాకు 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా పలకట్లేదని ఇంటర్వ్యూలో మొహం మీదే అన్నారు.

ఓరుగల్లు_టీచర్:
పో చెల్లె, నేను చియాంగ్ రాయ్‌ల అయిదో ఏడు. శీను గారూ, థాయ్ భాషల అసలు 'వి' శబ్దమే లేదు, వాళ్లు కూడా వెరీని డబ్ల్యూతోనే అంటరు. అక్కడి పిల్లలకు కష్టం మాట చివర. హౌస్ అనమంటే 'హౌ' అని ఆగిపోతరు, రైస్ అంటే 'రై'. నాకు మొదటి వారంలనే అర్థమైంది, ఎందుకంటే మన పిల్లలది దీనికి ఉల్టా, బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసి చివర అచ్చు తగిలిస్తరు. మా మూడో తరగతి పిల్లలను అరచెయ్యి నోటి ముందట పెట్టుకొమ్మన్న, చివరి 'స్' కాడ చేతికి గాలి తగలాలె అన్న. ఒక పొట్టిపిల్ల గాలి తగలంగనే చెయ్యి ఎత్తి పక్కదానికి చూపిచ్చింది, ఆ రోజంతా క్లాసుల అదే ఆట. పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినాయనకు ఆ చివరి అక్షరం ఎందుకు పోతుందో తెల్వలే, ఇంకా గట్టిగ హౌస్ హౌస్ అని అరిచిండు.

వీఆర్కే_లెక్చరర్:
'వి' పలకాలంటే పై పళ్లు కింది పెదవికి తగలాలి. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇదే చెప్పాను, ఎవరూ వినలేదు. తప్పు తప్పే.

ప్రవీణ్_ఒసాకా:
థాయిలాండ్ ఒక్కటే కాదండీ, దేశానికో రూలు. కొరియాలో ఇంగ్లీష్ టీచర్లకి ఇచ్చే ఈ-2 వీసా ఏడు దేశాల వాళ్లకే, ఇండియా అందులో లేదు, 2010లో అమల్లోకొచ్చిన ఒప్పందం వల్ల మనవాళ్లకి అసిస్టెంట్ టీచర్‌గా మాత్రం ఒక దారి ఉంది. జపాన్‌లో ఏ దేశం అని కాకుండా పన్నెండేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు కాగితం చూపించమంటారు. నేను అలాగే వచ్చాను, ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా సర్టిఫికెట్లు ఏరుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

గోదారి_శీను:
ప్రవీణ్ గారు, రూల్స్ ఎవరికి కావాలండి, నేను మర్యాద గురించి మాట్లాడుతున్నాను. ఓరుగల్లు టీచర్ గారూ, 'హౌస్' బాగానే ఉంది, మరి ఆ అరిచినాయన జీతం ఎంత, మీది ఎంత? అది చెప్పరు. మీరు తక్కువకి ఒప్పుకుని వెళ్లబట్టే "ఇండియా వాళ్లు చవగ్గా దొరుకుతారు" అనే మాట వచ్చింది, ఫిలిప్పీన్స్ వాళ్లని ఇప్పటికే అదే రేటులో పెట్టారు. వెనక వచ్చేవాళ్ల నోటి దగ్గర కూడు తీసేది మీలాంటివాళ్లే.

ఓరుగల్లు_టీచర్:
నోటి దగ్గర కూడు నేను తీసిన్నా? నా మొదటి జీతం 18 వేలు, ఇప్పుడు 27, టీచర్ లైసెన్స్ కోసం టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసిన, మళ్లీ చదివిన, ఎవరిని బతిమిలాడలే. మన హైదరాబాద్ ఇఫ్లూకు, అదే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీకి, ఆసియా దేశాల నుంచి ఇంగ్లీష్ నేర్చుకోనీకి వస్తరు, తెలుసా? అంత మర్యాద లేని చోట మీరు రెండేండ్లు ఎందుకున్నరు? మొదటి నెలల్నే రావచ్చు కదా. మీరు చేసి వచ్చి ఇంకొకరి దారికి ముండ్లేస్తరా?

వీఆర్కే_లెక్చరర్:
కోపాలు ఎందుకమ్మా. అయినా 'వెరీ' సంగతి తేలలేదు.

గోదారి_శీను:
ఎందుకున్నానో చెప్తాను, ఇంట్లో కూడా చెప్పలేదు ఇది. చేరిన రెండో నెలలో మా కోఆర్డినేటర్ పిలిచి, పేరెంట్స్ అడిగితే సౌతాఫ్రికా అని చెప్పు, నీ రంగుకి నమ్ముతారు అంది. అప్పు చేసి వచ్చాను, అక్కకి పెళ్లి కుదిరింది, సరే అన్నాను. ఓపెన్ హౌస్ రోజు బోర్డు మీద నా ఫొటో, కింద సౌతాఫ్రికా జెండా. అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్ల కుటుంబం పిల్లాణ్ణి చేర్చడానికి వచ్చింది. ఆవిడ నన్ను చూడగానే మొహం వెలిగిపోయి "అయ్యో, మీరు తెలుగువాళ్లా అండి?" అంది. కోఆర్డినేటర్ పక్కనే ఉంది. నేను "సారీ?" అన్నాను, ఇంగ్లీషులో. ఆవిడ పిల్లాడి చెయ్యి పట్టుకుని "కాదంట నాన్నా" అని పక్కకి తీసుకెళ్లింది. ఆరేళ్లయింది, ఆ మాట ఇప్పటికీ వినపడుతుంది. జీతం తేడా నేను మర్చిపోగలను, ఇది మర్చిపోలేను. స్వాతి గారిని వద్దంటున్నది ఇందుకు.

ప్రవీణ్_ఒసాకా:
శీను గారూ, సారీ అండి. నాకు తెలీదు.

ఓరుగల్లు_టీచర్:
అన్నా, ముండ్లు అన్నందుకు ఏమనుకోకు, గంత జరిగిందని తెల్వదు. కానీ ఒక్క మాట. నేను హన్మకొండల పనిచేసిన బడి గేటు మీద "కేరళ టీచర్లచే బోధన" అని పెద్ద బోర్డు. ఆ కేరళ మేడమ్‌ది నాది ఒకటే ఎమ్మే, ఆమెకు నాకంటె అయిదు వేలు ఎక్కువ, రూమ్ ఫ్రీ. ఆమె మంచిది, నాకు ఆమె మీద కోపం లేదు. పేరెంట్స్ మీటింగ్ రోజు నన్ను స్టాఫ్ రూమ్‌ల కూసొమ్మనేటోళ్లు, తెలుగు యాస వినిపిస్తదని. మన ఊళ్లె మన పిల్లలకు చెప్పనీకి నేను పనికిరాలే. ఇక్కడ తక్కువిచ్చినా మొదటి రోజే బోర్డు మీద ఇండియా మ్యాప్ గీసి వరంగల్ కాడ చుక్క పెట్టిన. అందుకే నాకు ఈ ఊరు ఇష్టం.

గోదారి_శీను:
మీకు ఆ మ్యాప్ గీయనిచ్చారు, నాకు గీయనివ్వలేదు. అందరికీ మీ బడి లాంటిది దొరకదు, దొరికినట్టు చెప్పకండి.

స్వాతి_పాలమూరు:
నేను ఒకటి దాచిన. ఏజెన్సోళ్లు డెమో వీడియో అడిగిన్రు, పేరు చెప్పు, దేశం చెప్పకు అన్నరు. మామూలే అనుకున్న. శీనన్న రాసింది చదివినంక నిన్న రాత్రి నిద్ర పట్టలే.

గోదారి_శీను:
ఆ వీడియో పంపకండి.

ఓరుగల్లు_టీచర్:
పంపు. దేశం, ఊరు చెప్పి పంపు. వద్దంటే వాళ్ల సంగతి మొదల్నే తెలుస్తది.

స్వాతి_పాలమూరు:
పొద్దున పంపిన. "నేను స్వాతి, మాది మహబూబ్‌నగర్, ఇండియా" అనే మొదలుపెట్టిన. ఇంకా జవాబు రాలే.

గోదారి_శీను:
సరే. వాళ్లు ఒప్పుకుంటే కాంట్రాక్టులో మీ దేశం పేరు ఉందో లేదో చూసుకోండి, పన్నెండు నెలల జీతం రాయించుకోండి. డిగ్రీ అటెస్టేషన్ ఇప్పుడే మొదలుపెట్టండి, నాకు విదేశాంగ శాఖ, ఎంబసీ తిరిగేసరికి రెండు నెలలు పట్టింది. ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చేయమంటే మాత్రం విమానం ఎక్కొద్దు, అక్కడ ఉద్యోగానికిచ్చే నాన్ బి వీసా చేతికొచ్చాకే.