చిన్న వంటగదిలో గట్టు మీద చోటు మిగలాలంటే ఏం చేయాలి?

మా అద్దె ఇంటి వంటగది 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అసలు సమస్య గట్టు. పొయ్యి, సింకు, మిక్సీ పోగా కూరగాయలు తరగడానికి జానెడు చోటు మిగిలింది. సింకు మీద చెక్క పలక వేసి తరుగుతున్నాను కానీ గిన్నె కడగాలంటే ప్రతిసారీ తీయాల్సిందే. గోడకు మేకులు కొట్టొద్దని ఓనరు గారి షరతు. అతికించే హుక్కులు పెడితే పొయ్యి దగ్గరవి ఆవిరికి, జిడ్డుకి వారంలోనే ఊడిపోయాయి. అర్ధరాత్రి గరిటెలన్నీ కింద పడితే దొంగలొచ్చారని హడలిపోయాం!

గట్టు కింద అరల్లో పై సగం ఖాళీగానే ఉంటోంది. లోపల పెట్టే చిన్న స్టాండు వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తరగడానికి మడత బల్ల నయమా, చక్రాల బండి నయమా? బండి దారికి అడ్డమవుతుందేమోనని నా అనుమానం. వాడి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.